బస్సెక్కిన కలుపు

మా అపార్టుమెంటు డాబా మీద పడే వాన నీరు కాలువ పాలు కాకుండా నేలలోకి ఇంకాలని, గేటు పక్కన ఒక పల్లపు తోట నేనే గీసి తవ్వించాను. అక్కడ పూలు పూస్తే తేనెటీగలు కూడా వస్తాయని అందరికీ మాటిచ్చాను. నర్సరీ మొక్కలు మొదటి వానకే కుళ్ళిపోయాయి. కమిటీ ప్రెసిడెంటు ప్రసాదరావుగారు ఆ బురదలో ప్లాస్టిక్ చామంతులు గుచ్చించి, "ఆదివారానికి ఒక్క తేనెటీగన్నా రాకపోతే సిమెంటు పోయిస్తామండీ" అన్నారు.

నీళ్ళకు తట్టుకునే మొక్కలు పొలాల వైపు దొరుకుతాయేమోనని శనివారం పొద్దున్నే విజయవాడలో చల్లపల్లి బస్సెక్కాను. కంకిపాడు దాటాక రెండు వైపులా వరి చేలే. పామర్రులో బస్సు ఆగితే గబగబా ఇడ్లీ తిన్నాను.

చల్లపల్లి శివార్లలో ఒక రైతు గట్టు చెక్కుతున్నాడు. వానకు నానినా ఎండకు మాడినా బతికే పూల మొక్క కావాలన్నాను.

"అట్టాంటిది కలుపేనండీ" అన్నాడు.

నిజమే. గట్టంతా గుంటగలగర, బొక్కెనాకు. చిన్న చిన్న తెల్లపూల మీద తేనెటీగలు జుమ్మంటున్నాయి. తవ్వుకోనా అని అడిగాను.

"దీన్ని చంపలేక మేం చస్తన్నాం. మీరు దీనికోసం బెజవాడ నుంచి వచ్చారా?"

కబురు పాకింది. "మా గట్టు మీద ఇంకా బలమైంది ఉందండీ, మాదీ పట్టుకెళ్ళండి" అంటూ పక్క చేల వాళ్ళు పోటీ పడ్డారు. నేను తెచ్చుకున్న రెండు పెద్ద టబ్బులూ నిండాయి.

తిరుగు బస్సులో పామర్రు దాటాక వాన మొదలైంది. కిటికీలు మూశాక, పూలలో దాగిన తేనెటీగలు లేచాయి. సగం మంది కిటికీలు తెరవమన్నారు, సగం మంది వద్దు, తడిసిపోతామన్నారు. నా పక్కన చేనేత చీరల వ్యాపారి. ఆయన మూట మీది పూల చీరపై ఒక తేనెటీగ వాలింది.

"చూశారా, నిజం పూలనుకుంది!" అని ఆయన బస్సంతా చూపించి, విజయవాడ చేరేలోగా రెండు చీరలు అమ్మాడు.

నేను ఫోన్ చేస్తే బస్టాండుకు ప్రసాదరావుగారే కారు తెచ్చారు. టబ్బు ఎత్తగానే ఆయన ముక్కు మీద ఒకటి వాలింది. ఆయన కొయ్యబారిపోయారు.

"ఇది... తేనెటీగేనా అండీ?" పెదవులు కదపకుండా అడిగారు.

"అవునండీ."

"అయితే కమిటీ వాళ్ళందరికీ వీడియో కాల్ చెయ్యండి. త్వరగా!"