అక్క ఓడించాల్సిన రాక్షసుడు

ఆ జపాన్ వీడియో ఆటలో నాకు అన్నిటికంటే నచ్చింది పోరాటం. శత్రువు కత్తి ఎత్తే ముందు భుజం కొద్దిగా వంచుతాడు. అది కనిపెట్టి ఆ క్షణంలోనే పక్కకు తప్పుకోవాలి. ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడామో తెలుస్తుంది. నచ్చనివీ ఉన్నాయి. గోడ పక్కకు వెళ్తే మనం ఆడించే మనిషే మనకు కనబడడు. ఊళ్లో ఎదురైన ప్రతివాడూ తన కథంతా చెప్పేదాకా వదలడు. పైగా ఎక్కడిదాకా ఆడామో ఆటే దాచుకుంటుంది, అదీ ఒకే చోట. వెనక్కి పోయే దారి లేదు.

ఈ చివరి లోపాన్ని నేను చాలా తిట్టుకున్నాను. తప్పు దానిది కాదని ఒప్పుకోవడానికే ఆలస్యమైంది.

మా అక్క బడిలో లెక్కలు చెబుతుంది. నాంపల్లిలో మా ఇంటి పై వాటాలోనే ఉంటుంది. ఈ వేసవిలో బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. ఆడిస్తూ ఉండమని దవాఖానలో మెత్తటి బంతి ఇచ్చారు. రెండు రోజులకే అది మంచం కిందికి చేరింది. అప్పుడు అబిడ్స్‌లో పాత డిస్కులమ్మే కొట్లో ఈ ఆట కొని, మీటలు నొక్కుతుంటే వేళ్లు ఆడతాయని కంట్రోలర్ ఆమె చేతికిచ్చింది నేనే.

వంతెన మీది రాక్షసుడి దగ్గర ఆమె ఆగిపోయింది. బొటనవేలు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా కదిలేది.

"ఇటియ్యక్కా, ఒక్కసారి చూపిస్త."

"వద్దు. నువ్వు చూపిస్తే నీ వేలు కదుల్తది, నాది కాదు."

"గట్ల కాదే..."

"జర నోర్మూసుకొని కూసోరా. వెనక బెంచోని లెక్క మధ్యల జవాబు చెప్పకు."

ఒక మధ్యాహ్నం ఆమె దవాఖానకు వెళ్లినప్పుడు, ఊరికే చూద్దామని కూర్చున్నాను. రెండో ప్రయత్నంలోనే రాక్షసుడు కూలాడు. వంతెన దాటితే వచ్చే కొత్త ఊరు చూసి అక్క సంతోషిస్తుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె వచ్చి టీవీ పెట్టింది. వంతెన ఖాళీగా ఉంది.

"రాక్షసుడేడి?"

"నేనే చంపిన. నీకు కష్టమైతుందని..."

"నాకు కష్టమైతుందని నీకెవరు చెప్పిన్రు?"

"వెనక్కి పోదామంటే దీంట్ల ఒక్కటే సేవ్ ఉంటది. ఏం చేస్త మరి?"

"ఔ, ఆటదే తప్పు. పాపం, నిన్ను పిలిచి కూసోబెట్టింది."

మణికట్టు ఎంత వంగుతోందో దవాఖానలో కొలిచేవారు. తన చెయ్యి తనకు తిరిగొచ్చిందని ఆమె నమ్మడానికి ఆ కొలతలు చాలలేదు. ఆ రాక్షసుణ్ణి తనే పడగొట్టాలి. నేను ఆ అవకాశాన్ని లాక్కున్నాను. బిగుసుకున్న డబ్బా మూతైనా, ఫోన్‌లో టికెట్టైనా, ఎవరైనా తడబడుతుంటే వాళ్ల చేతిలోంచి తీసేసుకోవడం నాకు అలవాటు. దాన్ని సాయమనుకున్నాను. నిజానికి అది ఆగలేనితనం.

అక్క ఆటను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈ వారం వంతెన దగ్గరికి చేరుకుంది. ఆమె ఆడేటప్పుడు నేను వంటింట్లోకి వెళ్లిపోతున్నాను. పక్కన కూర్చుంటే నా చేతుల మీద నాకు నమ్మకం లేదు.

నిన్న ఉల్లిపాయలు కోస్తుంటే కేక వినిపించింది.

"సచ్చిపోయిన్రా మళ్లా! గానీ ఈసారి సగం ప్రాణం తీసిన."

"మస్తు! రావాల్నా?"

"రాకు. ఇంకోసారి పోతున్న."

నేను వెళ్లలేదు.