చెంపల రంగు

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ డ్రమ్ముల మీద పేర్లు రాసే పెంటయ్యకు కుదురనేది తెలియదు. ఇంటికొచ్చాక రంగు సుద్దలతో మనుషుల ముఖాలు గీసేవాడు. గీస్తున్నంత సేపూ కూర్చోడు. గడప దాకా వెళ్లి చూస్తాడు, తిరిగొచ్చి వేలితో రుద్దుతాడు, తనను తానే తిట్టుకుంటాడు.

తొంభై మూడులో వెలిమెల ఊరి కౌసల్యమ్మ, చనిపోయిన కూతురు సుమిత్ర బొమ్మ వేయమని ఒక నలుపు తెలుపు ఫోటో ఇచ్చింది. ఒంటి రంగు అడిగితే "చామనచాయ, బిడ్డా" అంది. ఆ చామనచాయ కోసం పన్నెండు రోజులు చెంపలు చెరిపి దిద్దాడు. డ్యూటీలో కూడా చేతిపని ఆపి, తోటివాళ్ల చెంపలు తేరిపార చూసేవాడు.

ఆదివారం ఆమె బస్సులో వచ్చింది. పొడి రాలకుండా బిగించే అద్దం తేవడానికి పెంటయ్య లోపలికి వెళ్లాడు. ముట్టుకోవద్దని అందరికీ చెప్పేవాడు, ఆమెకు చెప్పడం మరిచాడు.

తిరిగొచ్చేసరికి కౌసల్యమ్మ బొమ్మలోని కూతురి చెంపలు రెండు చేతులా నిమిరి, దిష్టి తీసి, తన కణతల దగ్గర మెటికలు విరుస్తోంది.

"ఏం జేసినవమ్మా! అంత తుడుసుకపోయింది గదా!" అని అరిచాడు.

బొమ్మలో కళ్లున్నాయి, నోరుంది. చెంపలు మాత్రం ఆమె అరచేతుల్లో ఉన్నాయి.

కోపం దిగాక చెంబుతో నీళ్లు తెచ్చాడు. "చేతులు కడుక్కో. మల్ల దిద్దుత."

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"వద్దు నాయనా. బస్సుల కడ్డీ ఎట్ల పట్టుకోవాల్నో గదొక్కటి జెప్పు."