రికార్డు ఆఫీసు ఫొటోలో మా సందు తలుపు

పాత ఊరి ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. బెజవాడ పాత రికార్డు ఆఫీసు ఫొటో ఒకటుంది. సున్నం వేసిన గోడలు, వరండాలో లావుపాటి స్తంభాలు, మనిషి జాడ లేని వాకిలి. చూసినవాళ్ళంతా ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు. ఆ ఫొటోలో ఎడమ అంచున ఒక తలుపు కనిపిస్తుంది. అది మా ఇంటి తలుపు. ఆ ఫొటోను అడ్డం పెట్టుకుని మా అమ్మకు చేసిన అన్యాయాన్ని నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని కూడా నాకు లేదు.

డెబ్బైల్లో మేము వన్ టౌన్‌లో ఉండేవాళ్ళం. నేను స్కూల్లో లెక్కల మాస్టారిని. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. మా వీధి తలుపు బజారులోకి ఉండేది. తెల్లారింది మొదలు బస్తాల బళ్ళు, రిక్షాలు, హమాలీల కేకలు. గడప దాటాలంటే నాకే భయం వేసేది. పక్క తలుపు మాత్రం ఒక సన్నటి సందులోకి తెరుచుకునేది. సందుకు అవతలి పక్క రికార్డు ఆఫీసు, సందు చివర మా చర్చి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ సందులో గోడ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, రోజూ సాయంత్రం ప్రార్థనకు వెళ్ళి వచ్చేది. నాన్న పోయిన తర్వాత ఆమె తనకోసం చేసుకునే పని అదొక్కటే.

ఒక వేసవిలో సందు మొదట్లో ఇటుకలు దిగాయి. సందు తమ స్థలమేనని, మా గోడకు ఆనించి ప్రహరీ కడతామని ఆఫీసువాళ్ళు చెప్పారు. గోడ లేస్తే మా పక్క తలుపు తెరిచినా ఎదురుగా ఇటుకలే.

నేను వెళ్ళి హెడ్ గుమాస్తాను కలిశాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో ఆయన టిఫిన్ క్యారియర్ కూర్చుంది.

"ఆ పక్క మీకు తలుపెక్కడిదండీ? మా ప్లానులో లేదే," అన్నాడు.

"ప్లానులో లేకపోతే గోడకుందండి. రండి, చూపిస్తాను."

"మొన్నీమధ్య గోడ కొట్టి పెట్టుకున్నారేమో, మాకేం తెలుసండీ? పాతదని రుజువు కావాలి. పాత ఫొటో లాంటిదేమన్నా ఉంటే తెండి మాస్టారూ, చూద్దాం."

అవనిగడ్డ నుంచి, కైకలూరు నుంచి జనం తమ తాతల భూముల నకళ్ళ కోసం వచ్చి ఆ వరండాలో పడిగాపులు పడేవారు. ఊరందరి గతమూ ఆ బీరువాల్లో ఉంది. తమ గోడ పక్కన ఉన్న సందు సంగతి మాత్రం నేనే రుజువు చెయ్యాలి!

ఆ ఆఫీసువాళ్ళకు ఫొటోలు తీసే స్టూడియో మా బజారులోనే ఉండేది. స్టూడియో పెద్దాయన అట్టపెట్టెలు దింపి, పాత ప్రింట్లన్నీ నా ముందు పోశాడు. ఆఫీసరు బదిలీ అయినప్పుడల్లా ఒక గ్రూపు ఫొటో. కుర్చీల్లో దండలతో ఆఫీసర్లు, వెనక నిలబడిన గుమాస్తాలు, వాళ్ళ వెనక పూల తెర. ఏ ఫొటో చూసినా అంతే. ఎక్కడా గోడ లేదు, సందు లేదు.

"అంత బిల్డింగు ఉండగా ఈ తెర ఎందుకు కట్టారండీ?" అని అడిగాను.

"పెచ్చులూడిన గోడ ఆఫీసరుగారి మొహం పక్కన పడితే బాగుంటుందా మాస్టారూ? వాళ్ళు ఫొటో తీయించుకునేది మొహాలకండి, గోడలకి కాదు."

కాసేపు ఆలోచించి, బిల్డింగును విడిగా తీసింది ఒక్కసారేనన్నాడు. ఎన్నో ఏళ్ళ క్రితం, ఎవరో పెద్దాఫీసరు వస్తున్నాడని సున్నం వేయించినప్పుడట. నెగటివ్ ఉందా అంటే నవ్వాడు. ఆ కాలపు గాజుపలక నెగటివ్‌లన్నీ వేడినీళ్ళతో కడిగేసి, పెళ్ళి ఫొటోల ఫ్రేములకు అద్దాలుగా వేసేశారట.

"ప్రింటు మాత్రం వాళ్ళ ఆఫీసులోనే ఉందండి. హెడ్ గుమాస్తాగారి నెత్తి మీద మేకుకి నేనే తగిలించాను."

నేను అన్నిసార్లు ఆ కుర్చీ ఎదురుగా నిలబడ్డాను. ఆ ఫ్రేమును ఏదో దేవుడి పటం అనుకున్నాను. దసరా పూజకు ఆఫీసులో బీరువాలకూ తాళాలకూ పెట్టినట్టే దానికీ బొట్లు పెట్టారు. ఎండిపోయిన బంతిపూల దండ సగం అద్దాన్ని కప్పేసింది. రుజువు తెమ్మని నన్ను ఊరంతా తిప్పినాయన, ఆ రుజువు కిందే కూర్చుని టిఫిన్ తింటున్నాడన్న మాట.

ఫొటో దింపమని అడిగితే ఆఫీసరుగారి అనుమతి కావాలన్నాడు. ఆఫీసరుగారేమో క్యాంపులో ఉన్నారు. మళ్ళీ వెళ్తే ఇంకో క్యాంపు. ఈ లోపల సందులో పునాది తవ్వారు. మేస్త్రీలకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

చివరికి ఆఫీసరు దొరికాడు. కుర్రవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. జవాను స్టూలెక్కి ఫ్రేము దింపాడు. దండ తీసి, బొట్లను నా రుమాలుతోనే తుడిచాను. ఎడమ అంచున, సందు మొదట్లో, మా తలుపు! పైన దూలానికి నాన్న కొట్టించిన రేకు చూరు కూడా స్పష్టంగా ఉంది.

"ఇదిగోనండి, మా తలుపు," అన్నాను.

ఆఫీసరు వంగి చూశాడు. హెడ్ గుమాస్తా కూడా ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు.

"తలుపుందండి, కాదన్నదెవరు? మూసే ఉందిగా! వాడుకలో ఉన్న తలుపైతే పట్టపగలు మూసుకుని ఎందుకుంటుందండీ?"

గుమాస్తాలు నవ్వారు. ఆఫీసరు "పాయింటే," అన్నాడు. ఫొటో మళ్ళీ మేకెక్కింది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మ బియ్యం చేట పక్కన పెట్టేసింది.

"మూసింది నేనేరా. ఫొటో తీసే ఆయన కేకేశాడు, గుమ్మంలో ఆరేసిన బట్టలు పడుతున్నాయమ్మా, తలుపేసుకోండి అని. ఆఫీసు జవాను కూడా వచ్చి చెప్పాడు. ఎవరో పెద్దాఫీసరు కోసం గదా, పోనీలే అని వేసుకున్నాను. ఆ ఎండలో లోపల ఉడికిపోయాను కూడా."

మర్నాడు అమ్మను తీసుకెళ్ళాను. పక్క తలుపు దాటి, పునాది మీద వేసిన చెక్క మీదుగా, నా భుజం పట్టుకుని వచ్చింది. హెడ్ గుమాస్తా క్యారియర్ తియ్యలేదు. జవానే ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి వేశాడు. అమ్మ నాకు చెప్పినట్టే ఆఫీసరుకూ చెప్పింది.

"అంటే, అప్పుడు మావాళ్ళు చెబితే మూశారన్న మాట," అన్నాడు ఆఫీసరు.

"అవునండి."

హెడ్ గుమాస్తా అందుకున్నాడు. "మరి ఇప్పుడూ మేమే చెబుతున్నాం గదండీ. మూసేసుకోండి!"

మళ్ళీ నవ్వులు. నేను ముందుకు వెళ్ళబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అప్పుడు ఫొటో తీసినంతసేపేనన్నారు నాయనా," అంది.

ఆఫీసరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "రాసివ్వండి, పరిశీలిస్తాం," అన్నాడు. అక్కడే నిలబడి రాసిచ్చాను. ఆ పరిశీలన ఫలితం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. గోడ పని ఒక్క పూట కూడా ఆగలేదు.

గోడ మోకాలెత్తు లేచినప్పుడు స్టూడియో పెద్దాయనను పిలుచుకొచ్చాను. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, గుమ్మంలో అమ్మను నిలబెట్టాను. ఆయన అలవాటుగా మొదలుపెట్టాడు.

"అమ్మగారూ, ఆ తువ్వాళ్ళు తీసెయ్యండి. ఆ చీపురు కొంచెం అవతల..."

"ఏదీ తియ్యొద్దండి," అన్నాను. "అన్నీ పడాలి."

"ఎండ కళ్ళలో కొడుతోందిరా," అంది అమ్మ.

"కొట్టనీవే. కదలకు."

తాపీ మేస్త్రీ పని ఆపి నిలబడ్డాడు. "మమ్మల్ని కూడా పడనివ్వండి సార్," అన్నాడు. పడనిచ్చాను. ఆ ఫొటోలో చీపురు, తువ్వాళ్ళు, అమ్మ, గోడ, గోడ కడుతున్నవాళ్ళు అందరూ ఉన్నారు. అమ్మ ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, రెండో చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ప్రింటు తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. హెడ్ గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మీ ఇంటి ఫొటో అండి. మా బిల్డింగు ఏదీ ఇందులో?"

"ఆ లేస్తున్న గోడ మీదే గదండీ."

"మొన్న తీసింది పాత రుజువెలా అవుతుంది మాస్టారూ?"

"అవ్వదండి. మీ దగ్గరే ఉంచి పాతబడనివ్వండి. రికార్డు ఆఫీసు ఉన్నది అందుకే గదా?"

తీసుకోనన్నాడు. నేను కదలలేదు. నకళ్ళ కోసం వచ్చిన రైతులు నా వెనక నిలబడి గొణగడం మొదలుపెట్టారు. భోజనాల వేళ దాటిపోతున్నా నేను కదలలేదు. ఆఖరికి స్టాంపు తీసి, ఫొటో వెనక నన్ను కొట్టినట్టే కొట్టాడు. దాని మీద నంబరు వేశాక, ఆ నంబరు చీటీ మీద రాయించుకుని మరీ బయటికి వచ్చాను.

నేను ఇల్లు చేరేసరికి గోడ అమ్మ తల దాటింది. అమ్మ తలుపు దగ్గర పీట వేసుకుని, వరస మీద వరస పేర్చడం చూస్తూ కూర్చుంది. సాయంత్రం చర్చి గంట మోగింది. ఆమె లేచి చీర సర్దుకుని వీధి తలుపువైపు నడిచింది. నేను చెయ్యి పట్టుకున్నాను. బజారంతా బళ్ళు. ఒక బండివాడు "తప్పుకో మామ్మా!" అని అరిస్తే అమ్మ బెదిరి, ఒక గొడౌను మెట్టు మీద కూలబడింది. అక్కడ మిరప ఘాటుకు ఇద్దరికీ దగ్గు తెర వచ్చింది.

"పాట మొదలైపోయిందేమో వినరా," అంది.

బళ్ళ మోతలో నాకేమీ వినపడలేదు. మేము చర్చి చేరేసరికి ప్రార్థన అయిపోయి, జనం చెప్పులు వేసుకుంటున్నారు.