కొస పొలం దాకా

నిన్న బడి ఆవరణలో మొక్కలకు పైపుతో నీళ్ళు పెడుతుంటే, నెర్రెలిచ్చిన పాదులోకి నీరు దిగుతూ బుడబుడమని చప్పుడైంది. పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు వింటే నాకు ఎల్లయ్య తాత గుర్తొస్తాడు. తాత నాకు చుట్టం కాదు. నర్సింహులపేట దగ్గర మా మేనమామ వాళ్ళ ఊరికి నీరటి. చెరువు తూము తెరిచి, వంతుల ప్రకారం ఒక్కో పొలానికి నీళ్ళు పంపే మనిషిని అక్కడ నీరటి అంటారు. జనగామ పక్కన ఒక ఊళ్ళో నేను పంతులమ్మగా ఎలా నెగ్గుకొస్తున్నానంటే, బీయెడ్ కాలేజీ పుణ్యం కొంత, మిగతాదంతా ఆయన పుణ్యమే.

ఇంటర్ పరీక్షలు రాసి, మామయ్య వాళ్ళ పొలం దగ్గరి ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. రెండో రోజుకే విసుగు పుట్టింది. ఫోన్‌లో సిగ్నల్ దొరకాలంటే వెనకున్న గుట్ట ఎక్కాలి. ఏం తోచక, పొద్దున్నే కాలువ వెంట పోయే తాత వెనక పడ్డాను. వద్దనలేదు, రమ్మనీ అనలేదు. తూము దగ్గర మొదలుపెట్టి కానుగ చెట్ల కింద నుంచి, వాగు పక్క నుంచి నడిచేవాళ్ళం. ఎదురైన ప్రతి మనిషినీ తాత ఒకే మాట అడిగేవాడు. “నీళ్ళు అందినయా?” బాగున్నావా అని మాత్రం ఎవరినీ అడగగా నేను వినలేదు.

కాలువ నుంచి పొలంలోకి నీళ్ళు మళ్ళించే గండిని మడవ అంటారు. దాన్ని తెరవడం, మూయడం తాతే నేర్పాడు. నేను పారతో మట్టి తీసి వేస్తే నీటి ఊపుకు నిమిషంలో కొట్టుకుపోయింది.

“గడ్డితోటి పెళ్ళ తియ్యి బిడ్డా. ఉత్త మట్టి ఆగది,” అన్నాడు.

వారం తిరక్కుండానే నాకు పని వచ్చేసిందనుకున్నాను. కొత్త విద్య కదా, చేతులు ఊరుకోలేదు. ఆ రోజు మామయ్య, అత్తమ్మ పని మీద మరిపెడ వెళ్ళారు. కాలువ నిండుగా పారుతోంది. మా పొలం అంచులు మాత్రం ఆరినట్టు కనిపించాయి. మామయ్య వచ్చి మెచ్చుకుంటాడని మడవ తెరిచి, కాలువకు గడ్డి పెళ్ళలు అడ్డం పెట్టాను. తర్వాత గుట్టెక్కి ఫోన్ చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలాక దిగి వచ్చేసరికి మా పొలం ఒడ్లు పొర్లుతున్నాయి. కింది కాలువలో చుక్క లేదు. చెరువు అడుగంటిన ఏడాది కావడంతో అప్పటికే తూము మూసేశారు. మళ్ళీ తెరిచేది నాలుగు రోజుల తర్వాతే.

అంతలో తండా నుంచి సోమ్లి వచ్చింది. కాలువ చిట్టచివరి పొలం ఆమెది. తాత కూడా అప్పుడే వచ్చాడు.

“ఎల్లన్నా, పొద్దటి సంది ఒడ్డు మీద కూసున్న. గీ దినం వంతు మాదే గదా? నీళ్ళు ఎటు పోయినయి? పొలం పొట్ట మీదున్నది.”

తాత మడవ వైపు చూశాడు. గడ్డితో సహా కోసిన పెళ్ళలు, ఆయన నేర్పినట్టే ఉన్నాయి. బురదైన నా కాళ్ళ వైపు కూడా చూశాడు.

“తప్పు నాదే సోమ్లీ. జర సూసుకోలే,” అన్నాడు.

పక్క పొలాల వాళ్ళిద్దరు, తాత కావాలనే మామయ్యకు నీళ్ళు పెట్టాడని గొణుక్కున్నారు. తాత వింటూనే పార అందుకుని మడవ మూశాడు. నేను నోరు విప్పలేదు. ఆ మౌనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు తెల్లవారుతుండగా వచ్చి పిలిచాడు. “రా బిడ్డా, కొసకు పోదాం.”

అంత దూరం నేనెప్పుడూ వెళ్ళలేదు. సగం దారిలోనే వెనక్కి తిరిగేదాన్ని. సోమ్లక్క పొలంలో నెర్రెల్లో నా వేలు దిగింది. తాత ఒక వరి కర్ర తెంపి గోటితో చీల్చాడు. లోపల దారంలా తెల్లని కంకి.

“గిదానికి నీళ్ళు గిప్పుడు కావాలె. దాటినంక ఎన్ని వోసినా గింజ వట్టది, తాలే అయితది.”

“తాతా, నన్నెందుకు తిట్టలేదు?”

“తిడితే నన్ను యాదుంచుకుంటవు, గీ పొలాన్ని మర్సిపోతవు.” ఒడ్డు మీద కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. “తూము కాడ నీళ్ళు అందరికీ కనవడ్తయి. మన పని ఎట్లున్నదో కొసకొస్తేనే ఎరుకైతది.”

అక్కడి నుంచి నేరుగా తండాకు వెళ్ళి, మడవ తెరిచింది నేనని సోమ్లక్కతో చెప్పాను. ఆమె తిట్టలేదు, పర్వాలేదని కూడా అనలేదు.

“మీ మామకు జెప్పు పిల్లా,” అంది.

చెప్పాను. మామయ్య రుసరుసలాడుతూనే తన వంతు వదులుకున్నాడు. నాలుగో రోజు తూము తెరిచాక, మా మడవ దగ్గర పొద్దంతా నేనే కాపలా కూర్చున్నాను. నీళ్ళు కొస దాకా పోయాయి. కానీ సోమ్లక్క పొలంలో పై మడి బతికింది, కింది మడి తాలైపోయింది. ఆమె చాటతో తూర్పారబడుతుంటే పొట్టు నా మీదికే ఎగిరొచ్చింది. పక్కకు జరగబుద్ధి కాలేదు.

తాత పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వేళ గిన్నెల దగ్గర నేనుండను. పిల్లల వరుస చివర నిలబడతాను. గుడ్లు పెట్టే రోజు “అందినయా?” అని అడిగితే పిల్లలు నవ్వి, నా గొంతుతోనే నన్ను వెక్కిరిస్తారు. మొన్న మాత్రం చివరన ఉన్న మూడో తరగతి పాప నవ్వలేదు. పళ్ళెం చూపించి “నాకు రాలే టీచర్” అంది. గరిటె పట్టుకున్న వంటామె ముఖం చిన్నబోయింది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఎంతమందికి వండాలో పొద్దున ఆమెకు చెప్పింది నేను.

“తప్పు నాదే,” అన్నాను అందరికీ వినబడేలా. పాప చెయ్యి పట్టుకుని గుడ్డు కోసం వీధిలోని దుకాణానికి నడిచాను.