ఎత్తిన చెయ్యి

మా బావ చేతి పని ఈ భూమ్మీద ఒక్క మనిషికే పనికొస్తుంది, అదీ ఒక్క పూట. భుజం కీలు అరిగిపోయినవాళ్లకి కొత్త కీలు వేసేటప్పుడు ఎక్కడ రంధ్రం చెయ్యాలో డాక్టరుకి చూపించే బుల్లి ప్లాస్టిక్ మూస అది. స్కాన్ తీసి, ఎవరి ఎముక మీద వారిదే కూర్చునేలా మా కంపెనీ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చేస్తుంది. మేడ మీద ఇంజనీర్లు గీస్తారు, యంత్రం అచ్చు వేస్తుంది, కింద మా బావ ఉప్పుకాగితంతో అంచులు నున్నగా రుద్దుతాడు. పద్నాలుగేళ్లుగా రుద్దుతూనే ఉన్నాడు. పక్క బల్ల దగ్గర వాటిని పెట్టెల్లో సర్ది సీలు వేసేది నేను, ఆయన మరదల్ని. ఈమధ్య ఎడమచేత్తో తల దువ్వుకుంటున్నాడు, పాపిడి వంకరటింకర. “కొత్త ఫ్యాషనా బావా?” అని ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటాడు.

మా దగ్గర సంతకాలకి కొదవలేదు. ఒక్కో మూస వెంట ఒక ఫారం, దాని మీద ఏడు సంతకాలు. మొదటివాడు ఆసుపత్రి రాసింది చూసి పెడతాడు, రెండోవాడు మొదటివాడి సంతకం చూసి పెడతాడు, ఏడోవారైన మేనేజరుగారు గడియారం చూసి పెడతారు. రుద్దేవాడి సంతకం ఎవరికి కావాలి?

ఒకరోజు వచ్చిన ఫారంలో ఎడమ భుజం అని ఉంది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. మూసతో పాటు డాక్టరు పట్టుకు చూసుకోవడానికి, ఆ రోగి ఎముక ఎలా ఉందో అలాగే అచ్చు వేసిన నమూనా కూడా పంపిస్తాం. బావ ఆ నమూనా గుంటలో బొటనవేలు పెట్టి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు.

“పెట్టె మూయకు.”

“ఎందుకు బావా? బండి గుమ్మంలో ఉంది.”

“ఇది చంటిపిల్ల బుగ్గలా ఉందే. దీనికి ఆపరేషనేంటి? అరిగిన ఎముకలు నాకు తెలీవా? ఆసుపత్రివాళ్లని రెండో భుజం చూడమనాలి.”

మేనేజరుగారు రానే వచ్చారు. “ఏడుగురం తప్పు, నువ్వొక్కడివీ రైటా?”

“మీరు కాగితం చూశారు సార్. నేను ఎముక చూశాను.”

“నీ పని రుద్దడం. రుద్దావుగా?” అని నా వైపు తిరిగారు. “నువ్వు సీలు వెయ్యమ్మా.”

వేస్తే ఎవరో పాపం బాగున్న భుజం కోయించుకుంటారు, వెయ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఏం చెయ్యాలో తోచక సీలు డబ్బా మీద కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను.

“ఆసుపత్రికి ఒక్క ఫోన్ చెయ్యండి సార్, లేస్తాను.”

తిట్టుకుంటూనే చేశారు. అవతల సంగతి బయటపడింది. చేర్చుకునేటప్పుడు ఆసుపత్రి గుమాస్తా రోగిని “నొప్పి ఏ చెయ్యమ్మా?” అని అడిగాడట. కుడిచెయ్యి లేవదు కాబట్టి ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి కుడి భుజం చూపించింది. ఆ మహానుభావుడు ఎత్తిన చెయ్యి రాసుకున్నాడు. స్కాన్‌లో రెండు భుజాలూ ఉన్నా, ఫారం అడిగిన పక్కే మావాళ్లు గీశారు. ఆపరేషన్ వారం వాయిదా వేసి, కుడి భుజానికి కొత్త మూస తెప్పించుకున్నారు.

ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చాక కంపెనీ మీటింగు పెట్టింది. హెడ్డాఫీసు పెద్దాయన షీల్డు పట్టుకుని వచ్చాడు.

“ఆ పొరపాటు పట్టుకున్నవాళ్లు చెయ్యెత్తండి,” అన్నాడు.

ఏడు చేతులు లేచాయి, సిగ్గూ శరం లేకుండా. మేనేజరుగారిది అన్నిటికంటే పైన ఉంది. నాకు ఒళ్లు మండి బావని మోచేత్తో పొడిచాను.

“ఎత్తు బావా.”

ఆయన కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకోసారి ప్రయత్నించాడు. అంతకు మించి లేవలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ వంకర పాపిడి, నేను వేసిన వెకిలి జోకులు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు చప్పట్లు మోగుతున్నాయి, షీల్డు మేనేజరుగారి చేతికి వెళ్లిపోయింది.

బావ నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

“నాది కుడి. ఫారం మాత్రం నువ్వే రాయి.”