పదకొండు పేర్లు, ఒకే రక్తం

మా ల్యాబు మాస్టారు పోయారని మొన్న మంగళవారం శృంగవరపుకోట బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు ఒకప్పుడు నాతోపాటు మలేరియా ప్రోగ్రాంలో ఇల్లిల్లూ తిరిగిన పాత మిత్రుడు. "నిద్దట్లోనే పోనార్రా. భోగాపురం దగ్గర ఆళ్ల ఊర్లోనే," అన్నాడు. నా మొహం చూసి, "నిన్ను సస్పెండు సేయించినాయన కదేటి, ఇంత ఇదైపోతన్నావేటి?" అని కూడా అడిగాడు. బస్సెక్కి వచ్చేశాను. సస్పెండు సంగతి అందరికీ తెలుసు. ఎందుకయ్యానో సగమే తెలుసు. మిగతా సగం ఇన్నేళ్లూ నేనే మింగేశాను. ఆయన పోయాక కూడా మింగి కూర్చుంటే నా అంత సిగ్గులేనివాడు ఉండడు.

అరవైల చివరి మాట ఇది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు. మలేరియా చాలావరకు పోయిందనీ, మిగిలిందాన్ని వెతికి పట్టుకోవడమే పని అనీ మాకు చెప్పేవారు. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా ఎక్కి, ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగడం నా ఉద్యోగం. వచ్చినవాళ్ల వేలు సూదితో పొడిచి గాజుపలక మీద రక్తం తీయాలి. దాన్ని స్లైడు అనేవాళ్లం. పేరు రాసిన కాగితంలో చుట్టాలి, ఆ మనిషి చేత నాలుగు చేదు మాత్రలు మింగించాలి, గోడ మీద అచ్చువేసిన గళ్లలో ఆ రోజు తేదీ వేసి రావాలి. స్లైడ్లన్నీ యూనిట్ ఆఫీసుకి, మాస్టారి బల్ల మీదికి చేరేవి.

మాస్టారికి ఎడమ కాలు బోదకాలు. పాదం నుంచి మోకాలి దాకా వాచి, చెప్పు పట్టేది కాదు. దాన్ని ఒక చెక్కపెట్టె మీద పెట్టుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా మైక్రోస్కోపులో కన్ను పెట్టి కూర్చునేవారు. దొడ్లోకి మెట్లు దిగి వెళ్లడం కష్టమని పగలంతా నీళ్లు తక్కువ తాగేవారు. ఆయన పక్కన రెండు కొబ్బరి చిప్పలు, ఒకదాని నిండా చింతపిక్కలు. స్లైడులో ఒక్కో చోటు చూడగానే ఒక్కో పిక్క రెండో చిప్పలోకి వెళ్లేది. వంద పిక్కలూ అటు చేరితే తప్ప 'నెగిటివ్' అని రాసేవారు కాదు. మేం చాటున నవ్వుకునేవాళ్లం. ఒకసారి నేనే నోరు జారి, "ఇన్నిసార్లు ఎందుకు మాస్టారూ, కనబడితే కనబడుతుంది, లేకపోతే లేదు కదా," అన్నాను. ఆయన కాలు చూపించారు. పని నేర్చుకునే రోజుల్లో తన రక్తంలోనే బోదకాలు పురుగును చూశారట.

"అప్పటికే వాసిపోనాది. నాకు ఆలీసమైపోనాది. పెందరాళే ఎవులో ఒకరు సరిగ్గా సూసుంటే బాగున్ను," అన్నారు. అని మళ్లీ కన్ను పెట్టేశారు.

నా తప్పు వానాకాలంలో జరిగింది. కొండ కింద ఒక చిన్న ఊరు నా పరిధిలో ఉండేది. దానికి వెళ్లాలంటే గెడ్డ అనే కొండవాగు దాటాలి. ఆ నెల గెడ్డ పొంగుతూనే ఉంది. ఒకటి రెండు రోజులు నిజంగా దాటలేని మాట వాస్తవం. మిగతా రోజులు దాటొచ్చు. బద్ధకించాను. తీరా నెల లెక్క ప్రకారం స్లైడ్లు పంపాల్సిన రోజు వచ్చేసరికి పదకొండు తక్కువ పడ్డాయి. మా ఇన్‌స్పెక్టరు నోటికి భయపడి, ఇంట్లో కూర్చుని ఆ ఊరివాళ్ల పేర్లు పదకొండు కాగితాల మీద రాశాను. రక్తం కావాలి కదా. మా ఆవిడని పిలిచాను.

పెళ్లయి ఏడాది. ఆరో నెల కడుపుతో ఉంది. సూది కనబడగానే నవ్వింది. ఒక్కో వేలూ ఇచ్చుకుంటూ పోయింది. "వేళ్లు పదీ అయిపోనాయి బావా. పదకొండోదానికి ఏటి సేస్తావు, ముక్కు పొడుస్తావేటి?" అంది. బొటనవేలే మళ్లీ పొడిచాను. చెయ్యి వెచ్చగా తగిలింది. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది కదా అనుకున్నాను. జ్వరం కనిపెట్టడానికే జీతం తీసుకునేవాణ్ణి, ఆ చెయ్యి పట్టుకుని అలా అనుకున్నాను. పదకొండు మందికి మింగించాల్సిన నలభై నాలుగు మాత్రలూ బిస్కత్తు డబ్బాలో పోసి అటక మీద పెట్టాను. వారం తిరక్కుండా మా బావమరిది వచ్చి ఆవిణ్ణి పురిటికి తీసుకుపోయాడు. వాళ్లది చీపురుపల్లి స్టేషనుకి రెండు మైళ్లు.

రక్తం తీసిన పన్నెండో రోజు పొద్దున్నే మాస్టారు నా గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ల్యాబు వదిలి ఊళ్లకు రావడం నేనెప్పుడూ చూడలేదు. వాచిన కాలికి తడిగుడ్డ చుట్టుకుని, భుజాన సంచీ వేసుకుని ఉన్నారు.

"నీ పదకొండూ పాజిటివ్. పానం తీసే రకం," అన్నారు. "నడు. ఆ మనుసుల్ని సూద్దాం."

గెడ్డ నడుం లోతు ఉంటుందనీ, ఆ కాలితో వద్దనీ, ఒక్కణ్ణే వెళ్లి చూసి వస్తాననీ ఏదేదో వాగాను. "కాలు నాది. నువ్వు నడు," అన్నారు. ఒడ్డున వెనక్కి తిరుగుతారని చివరిదాకా ఆశపడ్డాను. పంచె ఎగ్గట్టి నాకంటే ముందు నీళ్లలో దిగారు. అవతలి ఒడ్డున ఆయన కాలి గుడ్డ మీద రక్తపు చారలు కనిపించాయి.

మొదటి ఇంటి ముసలాయన నన్ను చూసి, "నువ్వొచ్చి నెల దాటిపోనాది కదేటి బాబూ! దారి మర్సిపోనావేమో అనుకున్నాం," అన్నాడు. ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు. గోడ మీద గళ్లు ఖాళీగా ఉన్నాయి. పేర్లు, నంబర్లు అన్నీ కుదిర్చిన నేను గోడ సంగతే మరిచిపోయాను. మాస్టారు ఆ ఖాళీ గళ్లని చూశారు, నన్ను చూశారు. పశువుల పాక పక్కకి తీసుకుపోయి మెల్లగా అడిగారు.

"ఎవులి రక్తం రా ఇది?"

"నాదే మాస్టారూ."

ఆయన దగ్గరికొచ్చి బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూశారు. "నీది కాదు. నీ కన్ను ఎర్రగున్నాది. పదకొండు మందికి జొరం రావొచ్చు గానీ, పదకొండు మందికీ రక్తం ఒకేలాగ పలసబడదు. ఇది ఒక్క మనిసిది. ఆ మనిసికి ఒంట్లో రక్తం నేదు. పన్నెండు రోజులైపోనాది. బతికుంటే బేగి సెప్పు."

ఉద్యోగం పోతుందని భయం, ఇంటి ఆడదాని వేళ్లు పొడిచి దొంగలెక్క కట్టానని చెప్పడానికి సిగ్గు. ఈ రెండింటి వెనక అసలు భయం ఇంకా లోపలికి దిగలేదు. ఆయన నా భుజం పట్టుకుని కుదిపారు. "సెప్పరా! ఆ మనిసి నీకేటవుతాది?"

"మా ఇంటిది," అన్నాను. "ఏడో నెల. కన్నోరింటికెళ్లింది."

ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. తిట్టలేదు. "మాత్రలేవీ?" అన్నారు.

మళ్లీ గెడ్డ దాటి, ఇంట్లో అటక మీది డబ్బా తీసుకుని బస్సులో విజయనగరం, అక్కణ్ణించి ప్యాసింజరు. అంత మెల్లగా నడిచే బండిని నేనింతవరకూ ఎక్కలేదు. ప్రతి స్టేషన్లోనూ దిగి తోద్దామా అనిపించింది. మాస్టారు ఎదుటి బల్ల మీద కాలు చాపుకుని కిటికీలోంచి చూస్తున్నారు. నేనప్పుడు కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా ఉద్యోగం సంగతి ఎత్తాను. రిపోర్టులో ఎలాగైనా సర్దమని బతిమాలాను.

"రాస్తాను," అన్నారు.

"మాస్టారూ..."

"రాస్తాను. పదకొండు ఇళ్లు సూసినట్టు కాయితం మీదుంటే ఆ ఇళ్లకి ఇంకెవులూ ఎల్లరు. నీ పెళ్లాంకి మాత్ర ఇస్తాను. నిన్ను కాపాడ్డం నా వల్ల కాదు."

ఆ క్షణాన ఆయనంటే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన పక్కన లేకపోతే నాకు దిక్కు లేదని కూడా అప్పుడే తెలిసింది.

మేం చేరేసరికి దీపాలు పెడుతున్నారు. వసారాలో నులకమంచం మీద రెండు దుప్పట్ల కింద ఉంది మా ఆవిడ. మంచానికి వేపరెమ్మలు కట్టారు, మెడలో తాయెత్తు. నేను వంగి పిలిస్తే వాళ్ల అన్న అనుకుని పలకరించింది.

"కడుపుతో ఉన్న గుంట గదా, నీరసమనుకున్నాం బాబూ," అని మా అత్తగారు మాస్టారి ముందు చేతులు నలుపుకుంది. "మూణ్ణాళ్ల నుంచి మనిసిని పోల్చుకోడం నేదు."

మాస్టారు సంచీలోంచి పాజిటివ్ వచ్చినవాళ్లకిచ్చే వేరే మాత్రల పొట్లం తీసి, చూసి, వెనక్కి పెట్టేశారు. "ఇవి కడుపుతో ఉన్నోళ్లకి కాదు," అని బిస్కత్తు డబ్బా అడిగారు. నాలుగు మాత్రలు నూరి బెల్లంనీళ్లలో కలిపి పట్టించారు. చేతి గడియారం విప్పి మంచంపట్టె మీద పెట్టారు. "అరగంట కడుపులో ఉంటే సాలు," అన్నారు. పది నిమిషాలకే మొత్తం కక్కేసింది. మళ్లీ నూరారు. మళ్లీ కక్కేసింది. మా మామగారి చేత బండి కట్టించి వాకిట్లో నిలబెట్టారు. ఈసారి నిలవకపోతే పెద్దాసుపత్రికి బయల్దేరాల్సిందే, ఆ దారికి ఆవిడ తట్టుకుంటుందో లేదో తెలియదు. ఎడ్లని విప్పనివ్వలేదు. మూడోసారి చెంచా చెంచాగా, మధ్య మధ్య ఆపి, ఆయనే పట్టారు. గడియారం కేసి చూడలేక నేను మంచం కోడు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆవిడ రెండుసార్లు ఓకరించింది. పైకి రాలేదు. అరగంట గడిచిందని మాస్టారు అంటే నేను నమ్మలేదు, గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాను.

గంటల లెక్కన ఇంకొన్ని మాత్రలూ ఇచ్చారు. తెల్లవారుతుండగా ఆవిడకి చెమట పట్టింది. దుప్పటి తోసేసింది. కళ్లు తెరిచి, "ఎప్పుడొచ్చినావు బావా?" అంది. మాస్టారు మా అత్తగారితో, "బిడ్డ కదుల్తన్నాదేటో సూడమ్మా," అన్నారు. ఆమె పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి బిగబట్టి కూర్చుంది. వాకిట్లో ఎడ్ల మెడగంటలు తప్ప చప్పుడు లేదు. "ఓలమ్మో, తన్నింది బాబూ," అంది. నేను అందరి ముందూ బావురుమన్నాను. ఆ బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టింది. చేటలో పట్టేంత ఉండేది. ఇప్పుడు దానికి ఇద్దరు మనవలు.

రిపోర్టు రాయనే రాశారు. అక్షరం తగ్గించలేదు. అడగ్గానే ఒప్పుకున్నాడని నా తరఫున ఒక ముక్క రాయొచ్చు కదా, అదీ రాయలేదు. అడగ్గానే నేను ఒప్పుకోలేదు మరి. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఈలోగా ఆ కొండకింది ఊరికి వేరే మనిషిని పంపి ప్రతి ఇల్లూ చూపించారు. చివరి ఇళ్లలో ఇద్దరు నిజంగానే జ్వరంతో మూలుగుతూ దొరికారు. నేను పేర్లు రాసిన పదకొండు మందిలో వాళ్లు లేరు. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు, నన్ను తన దగ్గరికే వెయ్యమని ఆయనే అడిగారట. ఆయన రిటైరయ్యేదాకా ఎదుటి బల్ల మీద కూర్చుని నేనూ పిక్కలు లెక్కపెట్టాను. ఆ పదకొండు స్లైడ్ల మాట మా ఇద్దరి మధ్య ఇంకెప్పుడూ రాలేదు.

ఆయన్ని తలచుకుంటే ఆ ఉదయమే కళ్లముందు నిలుస్తుంది. మా ఆవిడ తేరుకున్నాక, మందు ఎంత పనిచేసిందో చూడ్డానికి మరో స్లైడు తీయాలన్నారు. సూది నా చేతికిస్తే మంచంపట్టె మీద పెట్టేశాను. ఆయనే తీసుకుని, ఆవిడ వేలు అడిగి, నొప్పి తెలియకుండా ఒక్క చుక్క తీశారు. నాకు కాగితం, పెన్సిలు ఇచ్చి, "పేరు రాయి," అన్నారు. పెద్దల ముందు పెళ్లాం పేరు పలకని ఇల్లు అది. అత్తగారు అటు తిరిగింది. నేను గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని అరుగు మీద పరిచి, దాని మీద స్లైడు పెట్టారు. గాజు కింద పేరు, గాజు మీద రక్తం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. తడి రక్తానికి ఈగలు ముసురుతాయి, చీమలు పడతాయి. గెడ్డనీళ్లకు చితికిపోయిన ఆ కాలిని ముందుకు చాపుకుని, మా అత్తగారి తాటాకు విసనకర్ర అందుకుని, మాస్టారు ఆ చిన్న గాజుముక్కకి విసరడం మొదలుపెట్టారు. చోడి అంబలి తెచ్చి పక్కన పెడితే, "ఉండమ్మా, ఆరనీ," అన్నారు. విసురుతూనే ఉన్నారు, చూపు దాని మీంచి తిప్పకుండా.