చెల్లెలు నిలబడిన ఎన్నిక

1996లో నేను దోహాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఉండేది అల్ మన్సూరాలో చిన్న ఫ్లాటు. మా ఆయన డ్యూటీ దూరంగా, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గర సైటులో. గురువారం వస్తే శుక్రవారానికల్లా వెళ్ళిపోయేవారు. మిగతా వారమంతా తెలుగులో మాట్లాడదామన్నా ఎవరూ ఉండేవారు కాదు.

ఆ అక్టోబరులో డేనియల్ అనే అమెరికన్ ఇంజనీరు మా వార్డులో చేరారు. అరవైకి దగ్గరపడిన మనిషి. అల్ ఖోర్ వైపు పనిచేస్తూ మెట్ల మీంచి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇక నా పని 'పార్షియల్ వెయిట్ బేరింగ్'. అంటే వాకర్ పట్టించి, దెబ్బతిన్న కాలి మీద కొద్దికొద్దిగా బరువు మోపించడం. ఈ దశలో మంచానికే అంటిపెట్టుకుంటే కాలు బిగుసుకుపోతుంది. ఆయన మాత్రం లేవనన్నారు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మరి?"

"లేచి ఎక్కడికి పోవాలి?"

భార్య పోయి చాలా కాలమైందట. చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. టీవీలో అమెరికా ఎన్నికల వార్తలు వస్తే మాత్రం కళ్ళార్పేవారు కాదు. ఒకరోజు మంచంలోనే కాలికి వ్యాయామం చేయిస్తూ, "మీరే పార్టీ?" అని మాట కలిపాను.

"రిపబ్లికన్. మా ఇంట్లో నేనొక్కడినే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "మేం యూదులం. ఇక్కడెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా నాన్న బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో యూనియన్ మనిషి. మా వీధి వీధంతా డెమోక్రాట్లకే వేసేది. నేను పార్టీ మారితే, 'మనల్ని గడప తొక్కనివ్వనివాళ్ళ పంచన చేరావా' అన్నాడు. నాన్న పోయిన రోజున మా చెల్లెలు రూత్ మళ్ళీ అదే మాట ఎత్తింది. అప్పట్నుంచి మాటల్లేవు."

ఆ రూత్ ఇప్పుడు డెమోక్రాట్ల తరఫున తమ రాష్ట్ర శాసనసభకు నిలబడిందట. ఆ నియోజకవర్గంలో అంతవరకు యూదులెవరూ గెలవలేదట. ఈయన ఓటేమో వేరే రాష్ట్రంలో ఉంది.

"ఆవిడ గెలవాలని ఉందా?" అన్నాను.

"మా పార్టీ ఓడిపోవాలని లేదు. రూత్ ఓడిపోవాలనీ లేదు."

మా ఇంట్లోనూ నాన్నది ఒక పార్టీ, మేనమామది ఇంకొకటి. ఎన్నికలొస్తే అమ్మ ఇద్దరికీ విడివిడిగా వడ్డించేదని చెప్పాను.

"వంట మాత్రం ఒకటేనా?" అన్నారు.

"ఒకటే."

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళగానే, "విదేశాలకు మాట్లాడే ఫోనెక్కడ?" అని అడిగారు. వరండా చివర ఉందన్నాను. కాళ్ళు కిందికి దించారు. వాకర్ పట్టుకున్నారు. ఆయన నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని నేను పక్కనే నడిచాను. మధ్యలో ఆగి గోడకు ఆనుకున్నారు గానీ వెనక్కి తిరగలేదు. అమెరికాలో అప్పుడు పొద్దున.

"రూత్, నేను, డానీని... లేదు, మీ పార్టీలోకి రాలేదు. నువ్వు గెలవాలి, అంతే." కాసేపు విన్నారు. "నా కాలి సంగతా? నీకెవరు చెప్పారు?" అంటూ గోడకు చేరబడ్డారు. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాను.

నవంబరులో జరిగిన ఎన్నికలో రూత్ ఓడిపోయింది. "అక్కడ మా పార్టీ గెలిచింది," అన్నారాయన, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు. కర్టెను వేయమన్నారు. కాసేపటికి మళ్ళీ తీయమని, నేను చెప్పకుండానే వాకర్ అందుకున్నారు. ఈసారి ఫోన్ దగ్గర నేను దూరంగా నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

కోలుకున్నాక రూత్ వాళ్ళ ఊరికే టికెట్ తీసుకున్నారు. "రాజకీయాలెత్తకూడదని షరతు పెట్టింది. రెండు రోజులు ఆగగలనేమో," అంటూ సెలవు తీసుకున్నారు.

ఆ తర్వాత చాలామందిని నడిపించాను. ఎవరైనా లేవనని మొండికేస్తే బలవంతపెట్టను. "ఎవరి దగ్గరికి నడవాలనుంది?" అని అడుగుతాను. కొందరు వెంటనే ఒక పేరు చెబుతారు. కొందరు గోడ వైపు తిరుగుతారు. వాళ్ళ దగ్గర మాత్రం, పని అయిపోయినా, ఇంకాస్సేపు కూర్చుంటాను.